ఒకే ఒక్క ‘ఎస్’ చీటీ: ఎనిమిదో తరగతి ఇంగ్లిష్ సామగ్రి తయారీ డైరీ

జూన్ 19, 2024

బడి తెరిచి వారం రోజులైంది. ఖమ్మానికి దగ్గరలో ఉన్న మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఈ ఏడాది ఎనిమిదో తరగతిలో 31 మంది పిల్లలున్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2022-23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మాధ్యమాన్ని ప్రవేశపెట్టినప్పుడు వీళ్లు ఆరో తరగతిలో ఉన్నారు. అంటే ఒక పుటలో ఇంగ్లిష్, ఎదుటి పుటలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలతో రెండేళ్లు గడిపి వచ్చారు. పదాలు చాలానే వచ్చు. కిరణజన్య సంయోగక్రియకు ఇంగ్లిష్ పేరు తడుముకోకుండా చెబుతారు. కాని ఇంట్లో ఎవరెవరున్నారని ఇంగ్లిష్‌లో అడిగితే తల వంచుకుంటారు.

నిన్న సాయంత్రం బీరువా తెరిచి నా దగ్గరున్న బోధన సామగ్రిని లెక్కపెట్టాను. గడిచిన ఆరేళ్లలో నేను తయారు చేసిన చార్టులు 14 ఉన్నాయి. వాటిలో భాషాభాగాల చెట్టు ఒకటి, కాలాల పట్టిక ఒకటి, ‘ఇన్’, ‘ఆన్’ వంటి ప్రిపొజిషన్ల రంగురంగుల బొమ్మలు రెండు కనిపించాయి. అన్నీ అందంగానే ఉన్నాయి. అయితే ఏ పిల్లవాడైనా తనకు అవసరం పడి లేచి వెళ్లి ఆ చార్టు చూసిన సందర్భం నాకు ఒక్కటి కూడా గుర్తు రాలేదు. వాటిని చూపించేది నేను, చదివేది నేను, చుట్టి లోపల పెట్టేదీ నేనే.

ఈ రోజు తరగతిలో ఒక చిన్న పరీక్ష పెట్టాను. నా గురించి తెలుసుకోవాలనుకున్నది ఏదైనా ఒక్క ప్రశ్నగా ఇంగ్లిష్‌లో చీటీ మీద రాసి ఇమ్మన్నాను. 31 చీటీలు వచ్చాయి. ‘యు వేర్ లివింగ్’, ‘యువర్ విలేజ్ విచ్’, ‘యు వై కమ్ దిస్ స్కూల్’. సరిగ్గా కుదిరిన ప్రశ్నలు మూడే. మిగిలిన వాటిని వరుసగా పేర్చి చూస్తే అవి అజ్ఞానంతో చేసిన తప్పులుగా నాకు కనిపించలేదు. ‘మీరు ఎక్కడ ఉంటారు’ అనే వాక్యంలో ప్రశ్నార్థక పదం తన చోటు వదలదు, క్రియ చివరనే ఉంటుంది, వాక్యాన్ని ప్రశ్నగా మార్చడానికి బయటి నుంచి మరో పదం రావలసిన పని ఉండదు. ఇంగ్లిష్‌లో ప్రశ్నార్థక పదం ముందుకు దూకాలి, దాని వెనుక అంతవరకు వాక్యంలో లేని ‘డు’ వచ్చి నిలబడాలి. పిల్లలు తెలుగు వాక్యాన్ని ఏమాత్రం చెదరకుండా, నిజాయితీగా ఇంగ్లిష్ పదాల్లోకి మార్చి ఇచ్చారు.

కాబట్టి ఈ ఏడాది తయారు చేసే సామగ్రి అంతా అడగడం చుట్టూనే తిరగాలని నిర్ణయించుకున్నాను. అడగగలిగిన పిల్లకు మిగతా ఐదు సబ్జెక్టుల్లోనూ దారి దొరుకుతుంది.

జూలై 6

అట్టల సమస్యకు ఊరే పరిష్కారం చూపింది. పాత పెళ్లి శుభలేఖలు తెమ్మంటే రెండు రోజుల్లో 200 దాకా వచ్చాయి. మంచి దళసరి అట్ట, ఒక వైపు ఖాళీ. బంగారు రంగు పూసిన వైపు ఏ సిరా నిలవదు. మామూలు స్కెచ్ పెన్నుతో రాస్తే చెమట చేతులు తగిలి మధ్యాహ్నానికే అలుక్కుపోయింది కాబట్టి చెరగని మార్కరు కొన్నాను. అక్షరం బొటనవేలి గోరంత ఎత్తు ఉంటే ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరికీ సరిపోతుంది, కాని వెనుక బెంచీకి కనిపించాలంటే అరచేతి అంత కావాలి. పూర్వం నేను ఈ తేడా గమనించక అన్నింటినీ మధ్యస్థంగా రాసి, దగ్గరి వాళ్లకు పెద్దవిగా, దూరపు వాళ్లకు చిన్నవిగా చేసి పెట్టాను.

మొదటి ప్రయత్నంగా అష్టాచెమ్మా పటం గీశాను. 25 గళ్లు, నాలుగు గవ్వలు. పిల్లలకు ఆట నియమాలు చెప్పే అవసరం లేదు, ఇళ్లలో ఆడతారు. ఒక్కో గడిలో ఒక్కో పదం రాశాను. కాయ ఆ గడిలోకి వచ్చిన వాళ్లు ఆ పదంతో ఒక ప్రశ్న తయారు చేయాలి. తరగతి ఎంత సందడిగా ఉందంటే పక్క గది నుంచి లెక్కల సార్ వచ్చి చూసి వెళ్లారు.

అయినా ఈ ఆటను నేను పక్కన పెడుతున్నాను. ఒక మూల నిలబడి నాలుగు జట్లను జాగ్రత్తగా విన్నాను. పిల్లలు ప్రశ్నను కాయ కదపడానికి కట్టే సుంకంలాగా గబగబా చెల్లించి, మళ్లీ ఆటలోకి వెళ్లిపోతున్నారు. ‘వేర్ డు యు గో’ అని ఒకడు అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు, అడిగినవాడూ జవాబు కోసం చూడలేదు. ఉత్సాహం గవ్వల్లో ఉంది, భాషలో లేదు.

జూలై 27

ఎఫ్‌ఏ-1 (ఏడాదిలో మొదటి నిర్మాణాత్మక మూల్యాంకనం) పనుల మధ్య కూడా ఈ ఆలోచన నన్ను వదలలేదు. జవాబు కావాలనిపించే ప్రశ్న ఎక్కడ పుడుతుంది? నా దగ్గర లేనిది నీ దగ్గర ఉన్నప్పుడు పుడుతుంది. బి.ఎడ్. చదివే రోజుల్లో విన్న, ఇంగ్లిష్ బోధనా నిపుణులు ఎన్.ఎస్. ప్రభు గారి బెంగళూరు ప్రాజెక్టు గుర్తుకొచ్చింది. 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలోని మామూలు బడుల్లో, కిక్కిరిసిన తరగతుల్లో, వ్యాకరణ పాఠాలు పెట్టుకోకుండా రైల్వే టైంటేబుళ్లు, పటాలు వంటివి ఇచ్చి పిల్లల చేత పనులు చేయించిన ప్రయోగం అది. ఆయన పనులను మూడు రకాలుగా విభజించారు: ఒకరి దగ్గరున్న సమాచారం మరొకరికి అందించేవి, ఉన్న సమాచారం నుంచి ఆలోచించి కొత్తది రాబట్టేవి, సొంత అభిప్రాయం చెప్పేవి. వీటిలో రెండో రకం ఎక్కువ ఫలితమిస్తుందని ఆయన భావించారు. మన నేల మీద, మన పిల్లల మధ్య పుట్టిన ఆలోచన ఇది. దీన్ని శిక్షణ తరగతుల్లో ఇంకా ఎక్కువగా వినిపించాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఆదివారం ఖమ్మం బస్టాండులో గంటసేపు నిలబడి సత్తుపల్లి, కొత్తగూడెం, భద్రాచలం, సూర్యాపేట బస్సులు బయలుదేరే వేళలను నోటు పుస్తకంలో రాసుకున్నాను. వాటితో జంట కార్డులు తయారు చేశాను. మొదటి కార్డులో కొన్ని వేళలు ఖాళీగా ఉంటాయి, అవి రెండో కార్డులో ఉంటాయి. రెండో కార్డులో లేనివి మొదటి దానిలో ఉంటాయి. ఊళ్లన్నీ పిల్లలు ఎక్కి దిగేవే: వైరా, తల్లాడ, కల్లూరు, పాల్వంచ.

ఆగస్టు 10

మొదటిసారి ఇచ్చినప్పుడు పిల్లలు కార్డులు పక్కపక్కన పెట్టుకొని రెండు నిమిషాల్లో ఖాళీలు నింపేశారు. వాళ్లను తప్పు పట్టలేను, అది తెలివైన పని. మర్నాడు ఇద్దరి మధ్య పుస్తకాల సంచులు నిలబెట్టి గోడలా చేయించాను. అప్పుడు తెలుగులో అడుక్కున్నారు. తెలుగు మాట్లాడితే జరిమానా అనే పద్ధతి నాకు ఇష్టం లేదు. భయపడిన నోటి నుంచి ఏ భాషా రాదు. బేరసారాలకు, సందేహాలకు తెలుగు వాడుకోవచ్చు గాని, ఖాళీలో రాసే వేళను మాత్రం ఇంగ్లిష్ ప్రశ్నతోనే తెచ్చుకోవాలని ఒప్పందం చేసుకున్నాం. ప్రభు గారి పద్ధతిలోనే ముందు అలాంటి పనిని తరగతి మొత్తంతో నల్లబల్ల దగ్గర నేనే చేయించి, తర్వాతే జంటలకు ఇచ్చాను. ఆ పది నిమిషాల ముందస్తు పని లేకపోతే వెనుక బెంచీ పిల్లలు మొదలే పెట్టలేరు.

ఇక్కడే అసలు చిక్కు బయటపడింది. ‘ద బస్ లీవ్స్ ఎట్ సిక్స్’ అని చెప్పగలిగిన పిల్లలు దాన్ని ప్రశ్నగా మార్చేటప్పుడు ‘వెన్ డజ్ ద బస్ లీవ్స్’ అంటున్నారు. ‘డజ్’ తర్వాత మూలక్రియ వాడాలని ఎన్నేళ్లుగా చెబుతున్నానో లెక్కలేదు. నియమంగా చెబితే అది చెవి దాటి లోపలికి వెళ్లడం లేదు.

రెండు రాత్రులు ఆలోచించి ఒక పొట్లం తయారు చేశాను. అందులో పదాల కార్డులు, బట్టలు ఆరేసే క్లిప్పులు, ఒకే ఒక్క చిన్న ఎర్ర చీటీ ఉంటాయి. చీటీకి ఒక వైపు ‘ఎస్’, రెండో వైపు ‘ఇఎస్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది. మామూలు వాక్యంలో చీటీని ‘లీవ్’ కార్డుకు క్లిప్పుతో తగిలిస్తారు. ప్రశ్న చేయాలంటే ‘డు’ కార్డు బల్ల మీదికి వస్తుంది, వస్తూనే చీటీని తనకు ఇమ్మని అడుగుతుంది. పిల్లవాడు ‘లీవ్’ దగ్గర క్లిప్పు తీసి, చీటీని తిప్పి ‘డు’కు తగిలిస్తాడు. ‘డు’ కాస్తా ‘డజ్’ అవుతుంది. ‘లీవ్’ ఉత్త చేతులతో మిగులుతుంది. పొట్లంలో చీటీ ఒక్కటే ఉండటం ముఖ్యం. రెండు చోట్ల పెట్టాలన్నా పెట్టలేరు.

భూతకాలానికి నీలం చీటీ మీద ‘ఇడి’ అని రాశాను. ‘స్టాప్’ వంటి క్రియలకు ఇది కూడా అదే పని చేస్తుంది. ‘వెంట్’ వంటి మొండి క్రియలకు చీటీ అంటదు కాబట్టి, కార్డు ముందు వైపు ‘వెంట్’, వెనుక వైపు ‘గో’ అని రాసి, ‘డిడ్’ బల్ల మీదికి రాగానే కార్డు తిరగేయాలని చెప్పాను.

మొదటి రోజే మూడో బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి, అంతవరకు నా పీరియడులో గొంతు విప్పనివాడు, పక్కవాడి వాక్యం చూసి ‘మేడమ్, వీడు ఎస్ రెండు చోట్ల పలుకుతుండు, చీటీ ఒక్కటే ఉంది కదా’ అన్నాడు. ఇన్నేళ్లలో నా పిల్లల నోటి నుంచి నేను విన్న మొదటి వ్యాకరణ వ్యాఖ్య అది.

ఆగస్టు 24

చీటీ పని చేసేసరికి దాని వెంట కొత్త తప్పు వచ్చింది. ‘డు’ అన్నిచోట్లా చేరిపోతోంది: ‘డు యు ఆర్ హ్యాపీ’, ‘డజ్ యువర్ ఫాదర్ ఈజ్ ఫార్మర్’. తెలుగులో ‘మా నాన్న రైతు’ అంటే వాక్యం పూర్తయింది, మధ్యలో క్రియ లేదు. కాబట్టి ‘ఈజ్’, ‘ఆర్’ అనేవి పిల్లలకు ఎప్పుడూ అదనపు సామానుగానే కనిపిస్తాయి. వీటికి పసుపు కార్డులు చేసి, పసుపు కార్డు ఎవరి సాయమూ లేకుండా తానే నడిచి ముందుకు వెళుతుందని, అది ఉన్న బల్ల మీద ‘డు’ కార్డును ముట్టకూడదని నియమం పెట్టాను. ఇది చీటీ అంత తేలికగా ఎక్కలేదు. ఇంకా పని ఉంది.

సెప్టెంబరు 9

సెప్టెంబరు 1, ఆదివారం నాడు మున్నేరు పొంగి ఖమ్మంలో ఏటి ఒడ్డు కాలనీలను ముంచెత్తింది. మా పిల్లల్లో కొందరి బంధువుల ఇళ్లలోకి నీరు వచ్చింది. బడి తిరిగి మొదలయ్యాక పాఠం ఎత్తుకోవడానికి నాకూ మనసు రాలేదు, వాళ్లకూ రాలేదు. వాళ్లు చెప్పడం మొదలుపెట్టారు, నేను విన్నాను. మూడో రోజు ఒక అమ్మాయి తానే లేచి, దీన్ని ఇంగ్లిష్‌లో రాసి గోడకు పెడదామని అడిగింది.

ఆ వారమంతా బస్సు కార్డులు బయటికి తీయలేదు. వాళ్లు చెప్పాలనుకున్న వాక్యాలు ఇలా ఉన్నాయి: ‘మా తాత కట్టిన ఇల్లు మునిగింది’, ‘నీళ్లలో తడిసిన పుస్తకాలు ఎండబెట్టినం’, ‘మమ్మల్ని డాబా ఎక్కించిన మామయ్య’. మన భాషలో విశేషణంగా మారిన క్రియ నామవాచకానికి ముందు నిలబడుతుంది: కట్టిన ఇల్లు, తడిసిన పుస్తకం. ఇంగ్లిష్‌లో ఆ వర్ణన అంతా నామవాచకం వెనక్కి వెళ్లాలి, మధ్యలో ‘దట్’ లేదా ‘హూ’ అనే అతుకు పడాలి. పిల్లలు ‘మై గ్రాండ్‌ఫాదర్ బిల్ట్ హౌస్’ అని రాసి, ఏదో లోపించిందని తెలిసి, ఏమిటో తెలియక ఆగిపోయారు.

శుభలేఖల పొడుగు ముక్కలు కత్తిరించి, ఒక వైపు వాళ్ల తెలుగు మాటనే రాయించాను: ‘మా తాత కట్టిన’. రెండో వైపు అదే మాటను ఇంగ్లిష్‌లో ‘దట్ మై గ్రాండ్‌ఫాదర్ బిల్ట్’ అని కలిసి రాశాం. ఇంటి కార్డుకు ఎడమవైపు క్లిప్పుతో తగిలించిన తెలుగు ముక్కను తీసి, తిప్పి, కుడివైపు తగిలిస్తే ఇంగ్లిష్ పదబంధం తయారవుతుంది. ఎడమ నుంచి కుడికి జరుగుతున్నది తమ సొంత మాటే కాబట్టి పిల్లల చేతులు తడబడలేదు.

మాటల ఎంపిక మీద కూడా చాలాసేపు చర్చ జరిగింది. నిఘంటువులో ‘మునుగు’ కింద దొరికిన మొదటి పదం పట్టుకొని ‘ద హౌస్ డ్రౌన్డ్’ అని రాస్తే, ఆ పదం ప్రాణం పోయిన సందర్భంలో వాడతారని చెప్పాను. ‘వెంట్ అండర్ వాటర్’ అని మార్చుకున్నారు. ‘మనం’, ‘మేము’ రెండింటికీ ‘వి’ ఒక్కటే ఉందని తెలిసినప్పుడు మాత్రం పిల్లలకు నచ్చలేదు. మునిగింది ‘మా’ ఇల్లు, చూసింది ‘మనం’ అందరం. ఆ తేడా వాళ్లకు ఆ వారంలో ఎంత ముఖ్యమో నాకు అర్థమైంది. చివరికి ఒక అమ్మాయి ‘వి, మై ఫ్యామిలీ’ అనీ, ఇంకొక అమ్మాయి ‘ఆల్ ఆఫ్ అజ్’ అనీ రాసి సరిపెట్టారు.

గోడ పత్రికలో 22 మంది రాశారు. పక్క తరగతుల పిల్లలు విరామంలో వచ్చి నిలబడి చదివారు. నా బడిలో ఇంగ్లిష్ రాతను ఎవరూ చెప్పకుండా చదవడం నేను చూడటం ఇదే మొదలు.

అక్టోబరు 19

దసరా సెలవుల తర్వాత ఉచ్చారణ మీదికి వచ్చాను. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష. హల్లుతో ముగిసే పరాయి మాటకు చివర అచ్చు చేర్చి కలుపుకోవడం దాని స్వభావం: బస్సు, పుస్తకాల బ్యాగు, స్కూలు. బయటి నుంచి వచ్చిన మాటను మన ఇంటి మనిషిని చేసుకునే పద్ధతి అది, లోపం కాదు. ఇంగ్లిష్ వాక్యంలో మాత్రం ఆ అచ్చు వదిలేయాలి. దీనికి కార్డు కంటే చప్పట్లే బాగా పనికొచ్చాయి. ‘బస్సు’కు రెండు, ‘బస్’కు ఒకటి. ప్రశ్నలను ఇలా చప్పట్లతో చెప్పిస్తే వాక్యం లయ కూడా మారింది.

‘బ్యాట్’లోని అచ్చు కోసం మేము చాలా తిప్పలు పడతామనుకున్నాను. ఒక పిల్లవాడు ‘వచ్చాడు’ అంటున్నప్పుడు విని ఆగాను. మనం ‘చా’ అని రాస్తాం గాని, మాట్లాడేటప్పుడు చాలామంది నోట ఆ అచ్చు ఇంగ్లిష్ ‘బ్యాట్’లోని అచ్చుకు చాలా దగ్గరగా పలుకుతుంది. ‘వచ్చాడు, బ్యాట్, వచ్చాడు, క్యాట్’ అని చెప్పించాను, ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనులకు చదువు చెప్పాలంటే ముందు తనకు సవర భాష రావాలని పట్టుబట్టి నేర్చుకున్నారు. నాకు పిల్లల భాష పుట్టుకతోనే వచ్చు, అయినా దాన్ని చెవిపెట్టి విన్నది ఈ మధ్యనే.

కష్టంగా మిగిలింది ‘వ’కారం ఒక్కటే. బనియన్ అనే అర్థమున్న ‘వెస్ట్’ను, పడమర అనే అర్థమున్న ‘వెస్ట్’ను తెలుగు లిపిలో రాస్తే రెండూ ఒకటే. నోటి ముందు చిన్న అద్దం పెట్టి, మొదటి దానిలో పై పళ్లు కింది పెదవిని తాకడం, రెండో దానిలో పెదవులు సున్నా చుట్టడం చూపిస్తున్నాను.

నవంబరు 23

చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో పొట్లాలు చూపించాను. ఎక్కువమందికి నచ్చాయి. ఒక సీనియర్ ఉపాధ్యాయురాలు మాత్రం పొట్లాలు పంచి తిరిగి తీసుకోవడానికే పీరియడులో పది నిమిషాలు పోతాయని, 45 నిమిషాల్లో అది చాలా ఎక్కువని అన్నారు. ఆమె మాట నిజం. ఇంటికి వచ్చి ప్రతి కవరు మీద లోపల ఉండాల్సిన ముక్కల సంఖ్య రాశాను, బెంచీకొక బాధ్యుణ్ని పెట్టాను. ఇప్పుడు నాలుగు నిమిషాల్లో అవుతోంది. 16 పొట్లాలకు మార్కర్లు, క్లిప్పులు, కవర్లు కలిపి నాకు అయిన ఖర్చు 400 రూపాయల లోపే.

రెండో విడత బస్సు కార్డుల్లో ఖాళీలు తీసేశాను. పూర్తి టైంటేబులు ఇచ్చి, ‘భద్రాచలంలో పదకొండు గంటలకు దర్శనానికి ఉండాలంటే ఏ బస్సు ఎక్కాలి, అమ్మమ్మ మెట్లు నెమ్మదిగా ఎక్కుతుంది’ వంటి చిక్కులు పెట్టాను. ఆలోచించి తేల్చే పనులే మేలని ప్రభు గారు ఎందుకన్నారో ఇప్పుడు కళ్లారా చూశాను. పిల్లలు జవాబు గురించి వాదించుకుంటున్నారు, వాదన కోసం మాటలు వెతుక్కుంటున్నారు.

జనవరి 22, 2025

జూన్‌లో పెట్టిన పరీక్షే మళ్లీ పెట్టాను. హాజరైన 29 మందిలో 18 మంది ప్రశ్నలు పదాల వరుసతో సహా సరిగ్గా ఉన్నాయి. ఆరుగురు ‘డు’ తెచ్చి, చీటీని రెండు చోట్లా పెట్టారు. ఐదుగురు జూన్‌లో ఉన్న చోటే ఉన్నారు. వాళ్లలో నలుగురు తరచూ బడికి రాని పిల్లలు. రాతలో ఇంత మార్పు వచ్చినా, నోటితో అడిగేటప్పుడు ఆగకుండా ‘డజ్’ పలకగలిగింది ఏడుగురే. చేతికి వచ్చింది నోటికి ఇంకా రాలేదు.

ఫిబ్రవరి 8

మిరప కోతలు జోరుగా సాగుతున్నాయి. తరగతిలో ఒక్కో రోజు పదిమందికి మించి లేరు. పిల్లలు కూలికి వెళ్లకూడదని తల్లిదండ్రులకు చెబుతూనే ఉన్నాం, కాని చేను దగ్గర చిన్నవాళ్లను చూసుకోవడానికైనా కొందరు వెళ్తున్నారు. రాలేని వాళ్ల కోసం ఇంటి పొట్లం ఒకటి తయారు చేసి తోటి పిల్లల చేత పంపాను. అందులో పని ఒక్కటే: మిరపకాయ చేను నుంచి ఖమ్మం మార్కెట్ దాకా ఎలా వెళుతుందో మేడమ్‌కు తెలియదు, ఇంట్లో వాళ్లను అడిగి తెలుసుకొని ఇంగ్లిష్‌లో ప్రశ్నలు, జవాబులు రాసి పంపండి. ఇది పాఠం కోసం కల్పించిన అజ్ఞానం కాదు. నేను పుట్టి పెరిగింది పట్నంలో, తేజ రకం కాయ ఎన్ని రోజులు కళ్లంలో ఎండాలో నాకు నిజంగా తెలియదు.

నిన్న ఒక అమ్మాయి దగ్గర నుంచి పొట్లం తిరిగి వచ్చింది. కాగితం మీద ఎనిమిది ప్రశ్నలున్నాయి. ‘హౌ మెనీ డేస్ డజ్ ఇట్ డ్రై’, ‘హూ టేక్స్ ఇట్ టు ఖమ్మం’, ‘వై డిడ్ ద ప్రైస్ కమ్ డౌన్’. జవాబులు తల్లి తెలుగులో చెబితే తాను ఇంగ్లిష్‌లోకి మార్చినట్టు అడుగున రాసింది. రెండో ప్రశ్నలో ‘డు’ ఎందుకు రాలేదో తనకు తెలియడం లేదనీ, ‘డు’ పెడితే మాత్రం బాగా లేదనీ పక్కన తెలుగులో రాసి అడిగింది. ‘ఎవరు’ అనేదే కర్తగా ఉన్న ప్రశ్నకు ‘డు’ అవసరం లేదన్న సంగతి నేను ఇంతవరకు చెప్పనే లేదు. సోమవారం దానికి ఒక ఆకుపచ్చ కార్డు తయారు చేయాలి.

పొట్లంలో ముక్కలు లెక్కపెడితే ఎర్ర చీటీ కనిపించలేదు. దాని స్థానంలో, దారం చుట్టి ముడి వేసిన చింతపిక్క ఒకటి క్లిప్పుకు కట్టి ఉంది.